ఏడుకొండలు సొంత కేసు

ప్రభుత్వం ఆ సర్క్యులర్‌ని మంచి ఉద్దేశంతోనే పంపింది. ఎవరేమనుకున్నా సరే, ఈ మాట మొదటే చెప్పెయ్యాలి. ఎప్పుడో ఏదో చిన్న తప్పు చేసి కోర్టుకెక్కినవాడికి, ఆ వంక పెట్టి బతుకుతెరువు లైసెన్సు ఎగ్గొట్టడం అన్యాయమని పైవాళ్ళకు తోచింది. తోచింది గనక, నేరచరిత్ర కారణంగా ఎంతమందికి లైసెన్సు నిరాకరించారో, వారిలో ఎంతమంది సంగతి మళ్ళీ పరిశీలించి మంజూరు చేశారో ప్రతి కార్యాలయమూ మూడు నెలలకోసారి నివేదిక పంపాలన్నారు. ఇందులో తప్పు పట్టడానికి ఏముందో నాకైతే కనబడదు.

మాది నదీ వృత్తుల లైసెన్సు కార్యాలయం. గోదావరి పాయ ఒడ్డున, నడిపిలంక రేవుకి ఎదురుగా, పాత ఉప్పుగోదాములో ఉంటుంది. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ అవతలి ఒడ్డుకి దాటించే పంటుని నడపాలంటే సరంగు లైసెన్సు కావాలి. అది ఇచ్చేది మేమే. నేను సీనియర్ అసిస్టెంటుని. నివేదికలన్నీ నా బల్ల మీదుగానే పోతాయి.

మేం ఎవరికీ నిరాకరించలేదు కాబట్టి నిల్ అని రాసి పంపాను. నిల్ పంపడం మాకు కొత్తేమీ కాదు. హిమపాతం వల్ల నిలిచిపోయిన పడవలు, నిల్. తిమింగలాలు తిరగేసిన పంట్లు, నిల్. అన్నీ వేళకి పంపేవాళ్ళం, పైవాళ్ళు వేళకి ఫైలు చేసుకునేవాళ్ళు. ఏనాడూ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

ఈసారి అన్నారు. వీడియో కాన్ఫరెన్సులో జిల్లాల పేర్లు రంగురంగులుగా వచ్చాయి. పక్క జిల్లా పచ్చగా ఉంది. వాళ్ళు నలుగురికి నిరాకరించి నలుగురికీ తిరిగి ఇచ్చారట, నూటికి నూరు శాతం. మా జిల్లా ఎర్రగా, అట్టడుగున ఉంది. సున్నాని సున్నాతో భాగించలేక కంప్యూటరు మా పేరు పక్కన ఒక గీత గీసి ఊరుకుంది.

"మిస్టర్ ఛాయాపతీ, మీ పనితీరు సూచిక ఖాళీగా ఉంది," అన్నారు కమిషనర్ గారు తెర మీదనుంచి.

కంభంపాటి ఛాయాపతి గారు మా డిప్యూటీ డైరెక్టర్. ఇంట్లో కాఫీ అడిగినా ఫైలుకి నోటు చెప్పినట్టే అడుగుతారని ప్రతీతి. ఆయన లేచి నిలబడి, "మేము ఎవరికీ నిరాకరించియుండలేదని సవినయంగా మనవి చేయడమైనది సార్," అన్నారు.

"నిరాకరించకపోతే పునఃపరిశీలన ఎలా చేస్తారు? పునఃపరిశీలన లేకపోతే ప్రభుత్వ ఔదార్యం క్షేత్రస్థాయికి ఎలా చేరుతుంది? మీరు ఔదార్యానికి అడ్డుపడుతున్నారు."

ఛాయాపతి గారు తెర ఆరిపోయేదాకా నిలబడే ఉన్నారు. ఆ తరవాత నా బల్ల దగ్గరికొచ్చి చాలా మెల్లగా, "ఏమయ్యా, మన దగ్గర నేరస్తులెవరైనా పెండింగులో ఉన్నారా?" అని అడిగారు.

పెండింగులో ఒకే ఒక్క దరఖాస్తుంది, ఓలేటి ఏడుకొండలుది. పంటు మీద తాడు విప్పే పనిలో చేరి, చూస్తూ చూస్తూ నడపడం నేర్చుకున్నవాడు. దరఖాస్తుకి జతపరిచిన పోలీసు రిపోర్టు తిరగేసి చూస్తే అందులో పదకొండు పేకాట కేసులున్నాయి. ఛాయాపతి గారి మొహం వెలిగిపోయింది. ఆ కేసుల సంగతి నడిపిలంకలో తెలియనిది ఎవరికి గనక.

పోలీసులకీ లెక్కలుంటాయి. నెలకో పేకాట కేసైనా చూపించకపోతే వాళ్ళ ఎస్పీ గారు ఊరుకోరు. మా ఊళ్ళో పేకాట ఆడేది ఒక్క రీడింగ్ రూములోనే, ఆడేవాళ్ళు ఊరి పెద్దమనుషులు. వాళ్ళని స్టేషనుకి నడిపిస్తే బాగుండదు, నడిపించకపోతే లెక్క తేలదు. అందుకని దాడికి ముందు స్టేషన్ నుంచి కబురొస్తుంది. పెద్దమనుషులు వెనక గోడ దాటతారు. ఏడుకొండలు వచ్చి, వాళ్ళు పడేసిపోయిన ముక్కలు చేత్తో పట్టుకుని బుద్ధిగా కూర్చుంటాడు. దీన్ని మా ఊళ్ళో కేసుకి కూర్చోవడం అంటారు. జరిమానా రీడింగ్ రూము కడుతుంది, ఏడుకొండలుకి పెసరట్టు ఉప్మా పెడుతుంది. పేకముక్కల్లో రాజుకీ రాణికీ తేడా తెలియని మనిషి అతను. ఒక్కడే కూర్చుని పేకాట ఎలా ఆడావని మేజిస్ట్రేటు గారు ఒకసారి అడిగారట. మిగతావాళ్ళు పరారీలో ఉన్నారని పోలీసులు జవాబిచ్చారు. అది అబద్ధమేమీ కాదు.

ఏడుకొండల్ని పిలిపించాం. చెప్పులు బయట విడిచి వచ్చి, గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏడుకొండలూ, నీకొక శుభవార్త," అన్నారు ఛాయాపతి గారు. "నిన్ను నిరాకరించుటకు నిర్ణయించడమైనది."

"ఆయ్. ఏటండి?"

"కంగారు పడకు. నిరాకరించి, పునఃపరిశీలించి, తిరిగి మంజూరు చేస్తాం. ప్రభుత్వ ఔదార్యానికి ఈ జిల్లాలో నువ్వే తొలి లబ్ధిదారువి."

ఏడుకొండలు తల గోక్కున్నాడు. "మజ్జిలో ఈ తిరుగుడంతా ఎందుకండి? ముందే ఇచ్చేత్తే అవ్వదాండి?"

"ముందే ఇచ్చేస్తే ఔదార్యం ఎక్కడ కనబడుతుంది?"

అప్పుడు అతను తన గోడు చెప్పుకున్నాడు. పంటుని నడిపే ముసలి సరంగు వెంకన్నకి చూపు ఆనడం లేదు, కార్తీకం రద్దీ మొదలయ్యేలోపు మానేస్తానన్నాడు. రేవుని వేలంపాటలో దక్కించుకున్న ముదునూరి గజపతిరాజు గారు ఏడుకొండలుకి ఒక మాటిచ్చారు. కార్తీకం నాటికి లైసెన్సు తెస్తే చుక్కాని నీది, తేకపోతే యానాం నుంచి మనిషిని తెచ్చుకుంటాను, నీ పని నీది, ఆ తాడేదో విప్పుకుంటూ ఉండు అన్నారట. "కన్నతల్లి లాంటి రేవండి. ఆ చుక్కాని కోసం పదేళ్ళుగా కాసుక్కూచున్నానండి," అన్నాడు ఏడుకొండలు.

"కార్తీకం చాలా దూరం ఉంది," అన్నారు ఛాయాపతి గారు. సోమవారం నిరాకరించాం, బుధవారం పునఃపరిశీలించాం. గురువారానికి మా జిల్లా పచ్చబడింది.

లైసెన్సు టైపు చేసి సీలు వేసి సంతకానికి పెట్టాను. ఛాయాపతి గారు సంతకం చేసి, దాన్ని తన బీరువాలో పెట్టి తాళం వేశారు.

"చేతికి ఇవ్వొద్దాండి?" అన్నాను.

"ఇచ్చేస్తే వచ్చే మూడు నెలలకి ఎవరిని నిరాకరిస్తాం? ఈ జిల్లాలో ఇంకొక నేరస్తుడున్నాడా?"

ఆ మాట నిజమే. ఏడుకొండలు సోమవారం సోమవారం వచ్చి అడిగేవాడు. మంజూరు చేశాం కదా, నివేదికలో చూసుకో అని ఛాయాపతి గారు ఓపిగ్గా చెప్పేవారు. "నివేదికలో ఇత్తే పంటు కూడా నివేదికలోనే నడుపుకోవాలండి," అనేసి వెళ్ళిపోయాడొకసారి. మాట కొంచెం పెడసరంగానే ఉందని నాకూ అనిపించింది. తరవాతి మూడు నెలల్లో అతన్ని మళ్ళీ నిరాకరించాం, మళ్ళీ కరుణించాం. పక్క జిల్లావాళ్ళు తమ నేరస్తులు అయిపోయారనీ, ఏడుకొండల్ని ఒక్క మూడు నెలలు డిప్యుటేషన్ మీద పంపగలరా అనీ ఉత్తరం రాశారు. పంపలేమని జవాబిచ్చాం.

రాష్ట్రమంతా పచ్చబడిపోయేసరికి ప్రభుత్వం సంతోషం పట్టలేకపోయింది. నేరచరిత్ర ఉన్నవాళ్ళు ఇంతమంది ఇంత త్వరగా మారిపోతారని ఎవరనుకున్నారు? వెంటనే రెండో ఉత్తర్వు వచ్చింది. కేసుండి, నిరాకరణకు గురై, పునఃపరిశీలనలో సరంగు లైసెన్సు పొందినవారిని 'పరివర్తిత వర్గం' అనాలి. ఇకమీదట రేవు వేలంపాటలూ, పర్యాటక పడవల పర్మిట్లూ, వాటి మీద వచ్చే సబ్సిడీలూ ఆ వర్గానికే ఇవ్వాలి. ఈ ఏటి లైసెన్సులు కూడా వాళ్ళకే.

ఆ మర్నాడు మా ఆఫీసు ముందు మూడు కార్లు ఆగాయి. వాటిలోంచి గజపతిరాజు గారూ, హోమియో డాక్టరు తటవర్తి భాస్కరం గారూ, ఇంకా రీడింగ్ రూము సభ్యులూ దిగారు. అందరి మొహాల్లోనూ పశ్చాత్తాపం ఉట్టిపడుతోంది.

"ఛాయాపతి గారూ," అన్నారు గజపతిరాజు గారు కుర్చీలో కూర్చుంటూ, "మనసు కుదుటపడ్డం లేదండి. ఆ వినాయక చవితి నాటి కేసు ఉంది చూశారూ, అది నాదండి. పాపం ఆ ఏడుకొండలు మోస్తున్నాడు. ఎంతకాలమని మోస్తాడండి?"

"అది నాదండి," అన్నారు భాస్కరం గారు. "రాజుగారు ఆ పూట లేచిపోబోతుంటే దాడి జరిగింది. ముక్కలు నా చేతిలో ఉన్నాయి."

"లేచిపోబోవడం వేరు, లేవడం వేరండి. నేను కూర్చునే ఉన్నాను."

సాక్ష్యానికి హెడ్ కానిస్టేబుల్ అప్పలస్వామిని పిలిపించాల్సొచ్చింది. ఆ పదకొండు దాడుల్లోనూ ఉన్నవాడు అతనొక్కడే. "డాక్టరుగారు గోడ దూకుతుంటే చూశానండి," అన్నాడు అప్పలస్వామి. "రాజుగారు దూకలేదండి."

"చూశారా," అన్నారు డాక్టరుగారు.

"రాజుగారు నిచ్చెన తెప్పించుకున్నారండి. అది నేనే పట్టుకున్నానండి."

ఇద్దరూ ఉన్నారని తేలింది గనక, వినాయక చవితిది రాజుగారికీ, దసరా నాటిది డాక్టరుగారికీ ఇచ్చి రాజీ చేశాం. ఒకరి పేరు మీదున్న కేసుని ఇంకొకరి పేరుకి మార్చడానికి మా శాఖలో పద్ధతంటూ లేదు. భూముల పేర్లు మార్చే నియమాలు చూసి నేనే ఒక పద్ధతి తయారుచేశాను. అభ్యంతరాలుంటే వారం లోపు చెప్పుకోవాలని నోటీసు బోర్డుకి అంటించాం. పూర్వ ముద్దాయి, నిజ ముద్దాయి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. నా సర్వీసులో నేను రాసిన నోట్లన్నిటిలోకీ అది చక్కగా కుదిరింది, ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

పూర్వ ముద్దాయి సంతకాల కోసం ఏడుకొండల్ని పిలిచాం. "ఈటన్నిట్నీ ఆళ్ళకిచ్చేత్తే నా పేరు మీద ఏటీ ఉండదు కదండి?" అని అడిగాడు.

"నీవు నిష్కళంకుడవగుదువు," అన్నారు ఛాయాపతి గారు.

"అప్పుడు లైసెన్సు తిన్నగా వచ్చేత్తది కదండి?"

"నిష్కళంకునికి అభ్యంతరమేముండును?"

అతను హుషారుగా పదకొండు చోట్లా సంతకం పెట్టాడు. కేసులన్నీ చకచకా పంచుకున్నారు. చివరికి ఒక్కటి మిగిలింది, ఉగాది నాటిది. దాన్ని ఎవరూ అడగలేదు. ఆ పూట రీడింగ్ రూములో ఎవరున్నారో చెప్పమంటే అప్పలస్వామి నోరు తెరిచి, ఛాయాపతి గారి వంక చూసి, నోరు మూసుకున్నాడు. ఛాయాపతి గారు దగ్గి, ఆ నిజ ముద్దాయి తన బావమరిది అని నిర్ధారించడమైనదన్నారు. ఆ ఉగాదికి బావమరిది గారు బెంగళూరులో ఉన్నట్టు నాకు గుర్తు. కానీ నిజ ముద్దాయిని నిర్ధారించే అధికారం డిప్యూటీ డైరెక్టర్‌కి ఉంది, సీనియర్ అసిస్టెంటుకి లేదు.

పదకొండుమందినీ పొద్దున నిరాకరించి, భోజనాలయ్యాక పునఃపరిశీలించాం. సాయంత్రానికి నడిపిలంకలో పదకొండుమంది కొత్త సరంగులు తయారయ్యారు. కమిషనర్ గారు స్వయంగా ఫోన్ చేసి అభినందించారు. పరివర్తిత సరంగులు నడిపే తొలి పంటుని కార్తీకం మొదటి సోమవారం తానే వచ్చి ప్రారంభిస్తానన్నారు.

దానికి ముందు శనివారం ఏడుకొండలు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. "ఇప్పుడు నా మీద ఏ కేసూ లేదండి. కాగితం ఇప్పించండి," అన్నాడు.

ఛాయాపతి గారు ఫైలు తెప్పించి, కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు చదివారు. "ఏడుకొండలూ, జాగ్రత్తగా విను. నిన్ను నేరచరిత్ర వల్ల నిరాకరించాం. ఆ నేరచరిత్ర నీది కాదని నీవే సంతకం పెట్టావు. చరిత్ర నీది కానప్పుడు నిరాకరణ నీది కాదు. నిరాకరణ నీది కానప్పుడు పునఃపరిశీలనా నీది కాదు. అట్టి పునఃపరిశీలనలో మంజూరైన లైసెన్సు నీదెలా అవుతుంది?"

"మరి కొత్తగా పెట్టుకుంటానండి."

"ఈ ఏటి లైసెన్సులన్నీ పరివర్తిత వర్గానికే. నీవు పరివర్తన చెందుటకు నీలో ఏమీ లేదు."

ఏడుకొండలు నా వంక చూశాడు. నేను ఫైలు అందుకుని తాడు కట్టాను. నోట్ ఫైలులో జాలి గురించి రాయడానికి చోటుండదు. అతను బయటికి పోయి, చెప్పులు చేత్తో పట్టుకుని రేవు వైపు నడిచాడు. వెంకన్న అప్పటికే మానేశాడు. యానాం మనిషి మంగళవారం దిగుతాడని రేవంతా అనుకుంటున్నారు.

సోమవారం పంటుకి బంతిపూల తోరణాలు కట్టారు. కమిషనర్ గారు, ఛాయాపతి గారు, హెడ్ కానిస్టేబుల్, నేను ఎక్కాం. పదకొండుమంది సరంగులూ తెల్లబట్టలు కట్టుకుని, మెళ్ళో దండలతో వరసగా నిలబడ్డారు. చుక్కాని దగ్గర గజపతిరాజు గారు నిలబడ్డారు. యానాం మనిషి రేపు గానీ రాడు గదా అని ఎవరో అంటే, "లైసెన్సున్నవాళ్ళం ఇంతమందిమి ఉండగా వాడెందుకయ్యా?" అన్నారు. తాడు విప్పడానికి ఏడుకొండలు ఎక్కాడు. దానికి లైసెన్సు అక్కర్లేదు.

పంటు బాగానే బయలుదేరింది. నడిపాయలోకి వెళ్ళాక, ఎటువైపు వెళ్ళాలో పదకొండుమందీ పదకొండు రకాలుగా చెప్పారు. రాజుగారు ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక అందరి మాటా కొంచెం కొంచెం విన్నారు. పంటు నెమ్మదిగా వెళ్ళి ఇసకమేట ఎక్కి కూర్చుంది. అప్పటికే పాటు మొదలై నీరు సముద్రంలోకి తీస్తోంది.

కమిషనర్ గారు గడియారం చూసుకున్నారు. "నాకు నాలుగింటికి వీడియో కాన్ఫరెన్సుంది. ఇది ఎప్పుడు కదులుతుంది?"

"మళ్ళీ పోటు వచ్చాకండి," అన్నాడు ఏడుకొండలు తాడు చుడుతూ. "చీకటి పడ్డాక వత్తదండి. ఇప్పుడే ఎనక్కి లాక్కుంటే వచ్చేత్తది గానండి."

"ఎవరు లాగాలి?"

పదకొండుమంది సరంగులూ ఆకాశంలోకి చూశారు. "ఏడుకొండలూ, నువ్వొచ్చి పట్టు," అన్నారు గజపతిరాజు గారు, చుక్కాని వదిలి పక్కకి జరిగి.

ఏడుకొండలు తాడు చుట్టడం ఆపలేదు. "లైసెన్సు లేకుండా అది ముట్టుకుంటే కేసవుద్దండి."

"అవుద్దండి," అన్నాడు అప్పలస్వామి. "కొత్త సెక్షనండి. పట్టుకుంటే రాసెయ్యాలండి."

"ఆ కేసుకి ఎవరు కూచుంటారండి మరి?" అని అడిగాడు ఏడుకొండలు.

పాత రోజులైతే అందరూ తల దించుకునేవారు. అందరికంటే ముందు భాస్కరం గారు చెయ్యెత్తారు. ఇంకో కేసంటే ఇంకో పడవ పర్మిట్టు. గజపతిరాజు గారు రెండు చేతులూ ఎత్తారు. ఛాయాపతి గారు పక్కనున్న బావమరిది చెయ్యి పట్టుకుని పైకెత్తారు. పంటు మీద ఎత్తని చెయ్యి లేదు. ఏడుకొండలు ఆ చేతులన్నిటినీ ఓసారి కలయజూశాడు.

"వద్దండి," అన్నాడు. "ఇన్నాళ్ళూ మీ కేసులకి నేను కూచున్నాను. దీనికి నేనే కూచుంటాను. ఇది నాదండి."

లేచి వెళ్ళి చుక్కాని పట్టుకుని, ఇంజను వెనక్కి తిప్పాడు. పంటు రెండుసార్లు మూలిగి ఇసకమీంచి జారి నీళ్ళలో పడింది. అప్పలస్వామి అక్కడే మోకాలి మీద కాగితం పెట్టుకుని కేసు రాశాడు. ఏడుకొండలు ఒక చెయ్యి చుక్కాని మీదే ఉంచి, రెండో చేత్తో సంతకం పెట్టాడు.

ఒడ్డు చేరేలోపు ఛాయాపతి గారికి విషయం అర్థమైంది. "సార్, ఇతనిపై నేరచరిత్ర ఏర్పడియున్నది," అన్నారు.

కోర్టు తీర్పు దాకా ఆగాలేమో అన్నాను నేను. ప్రొఫార్మాలో కేసు ఉన్నదా లేదా అన్న కాలమే ఉందిగానీ తీర్పుకి కాలమ్ లేదని కమిషనర్ గారు గుర్తుచేశారు. రేవు మెట్ల దగ్గర నిరాకరించాం, ఆఫీసు గుమ్మంలో పునఃపరిశీలించాం. కమిషనర్ గారు చూస్తుండగానే బీరువా తెరిచి లైసెన్సు తీశాను. ఎప్పటినుంచో సంతకమై ఉన్నదే, తేదీ మాత్రం దిద్దితే సరిపోయింది. ఏడుకొండలు దాన్ని రెండు చేతుల్తో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. నా కళ్ళు చెమర్చాయి. ఆ మూడు నెలల నివేదికలో మా జిల్లా నూటికి నూరు శాతం.

యానాం మనిషికి రావొద్దని ఫోన్ చేశారు. మర్నాడు తొలి పంటుకి భాస్కరం గారు రేవుకొచ్చి, ఏడుకొండల్ని పక్కకి పిలిచారు. ఆ నడిగోదారి కేసుని తన పేరుకి మార్చడానికి ఏమైనా ఆలోచిస్తావా, పద్ధతి ప్రకారమే పోదాం, నోటీసు అంటిద్దాం అన్నారు.

"పంటు తీసేత్తన్నానండి డాక్టరుగారూ. ఎక్కుతారా, ఒడ్డునుంటారా?" అన్నాడు ఏడుకొండలు.

ఆ పంటు మీద మీరెప్పుడైనా గోదావరి దాటితే చుక్కాని పైన చూడండి. రెండు పటాలు కనిపిస్తాయి. ఒకదాంట్లో లైసెన్సు, రెండోదాంట్లో ఎఫ్ఐఆర్ కాపీ. పూలు పెట్టేది మాత్రం రెండోదానికి. అదేమిటని అడిగితే ఏడుకొండలు చుక్కాని మీదనుంచి చూపు తిప్పకుండానే, "అది నా సొంత కేసండి," అంటాడు.